రెండోసారి చూసుకునే దేశంలో మా వదిన

మా వదిన ఇక లేరు. పోయిన నెలలో ఒక ఉదయం నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా మా ఆయన ఫోన్ చేసి, "అక్క వెళ్లిపోయింది" అన్నారు. ఆవిడకి గుండెజబ్బు ఉందని అందరికీ తెలుసు. అయినా కారు ఎక్కడ పెట్టానో గుర్తు రాక, మా రెడ్‌మండ్ ఊరి వానలో పార్కింగ్ లాట్ అంతా తిరిగాను. 'ప్రభువు సన్నిధికి చేరారు' అని చర్చి గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. అది చదివి, దారిలో ఆవిడ ఎంత కంగారుపడ్డారో అనుకున్నాను ముందు.

ఆవిడ అంత భయస్తురాలు. మా వీధి చివర ఒక్కరే ఉండేవారు. చర్చికి బయలుదేరి, పొయ్యి ఆపానో లేదోనని సగం దారిలో కారు తిప్పించేవారు. సరస్సు మీద వంతెన రాగానే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేవారు. మేం నవ్వుకునేవాళ్లం. నేనూ ధైర్యవంతురాలినేం కాదు. ఈ పరాయి దేశంలో వీసా మీద బతుకుతున్నదాన్ని, మేనేజర్ 'కాసేపు మాట్లాడదాం' అని మెసేజ్ పెడితే చాలు, ఉద్యోగం పోయిందనే అనుకునేదాన్ని.

రెండేళ్ల కిందట ఆఫీస్ వాళ్లు నన్ను టోక్యో వెళ్లమన్నారు. లేఆఫ్‌ల రోజులవి. వెళ్లనంటే ఉద్యోగం ఉంటుందో లేదో, వెళ్తే మళ్లీ ఈ దేశంలోకి రానిస్తారో లేదో. మా ఆయనకి సెలవు దొరకలేదు.

"నేనొస్తా పద," అన్నారు వదిన.

"మీకు ఫ్లైట్ అంటే భయం కదా వదినా?"

"భయమే. ఇక్కడ కూర్చుని నీ గురించి భయపడేకన్నా, నీ పక్కన కూర్చుని భయపడితే కాస్త నయం."

విమానం దిగేదాకా నా చెయ్యి వదల్లేదు. దిగాక మాత్రం మెల్లగా ఏదో మారింది. వాన పడుతున్న రోజు ఒక దుకాణంలో బిస్కెట్లు కొంటే, అడగకుండానే కాగితం సంచికి ప్లాస్టిక్ తొడిగి ఇచ్చారు. వదిన ఆ సంచిని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. ఇంకోచోట ఎవరో చంటిపిల్ల మేజోడు దారిలో పారేసుకుంటే, మరెవరో దాన్ని తీసి గోడ మీద కనబడేలా ఆరేశారు. "వాళ్లమ్మ వెతుక్కుంటుందని ముందే అనుకున్నారే!" అన్నారు.

అన్నిటికన్నా ఆవిడకి నచ్చింది రైలు గార్డు. తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఆ మనిషి ప్లాట్‌ఫామ్ అటు చివర ఒకసారి, ఇటు చివర ఒకసారి వేలు పెట్టి చూపిస్తూ, అంతా సరిగా ఉందని తనకు తానే పైకి చెప్పుకుంటున్నాడు.

వదిన నా మోచెయ్యి గుంజారు. "చూశావా? వీళ్లూ పొయ్యి రెండోసారి చూసుకునేవాళ్లే! నాకేదో జబ్బన్నట్టు నవ్వుతారు మీరు."

ఆ మర్నాడే ఆవిడ తప్పిపోయారు. జనంలో నేను రైలెక్కేశాను, ఆవిడ ఎక్కేలోపు తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల ఆవిడ ముఖం వెనక్కి జరిగిపోయింది. ఆవిడ ఫోన్ అక్కడ పనిచేయదు, మాత్రలు నా బ్యాగ్‌లో ఉన్నాయి. తర్వాతి స్టేషన్‌లో దిగి, తిరుగు రైలు వచ్చేలోపు నేను ఊహించని ఘోరం లేదు. వెనక్కి వచ్చి చూస్తే ప్లాట్‌ఫామ్ మీద ఆవిడ లేరు. ఏడుస్తూ స్టేషన్ ఆఫీస్‌లోకి పరిగెత్తాను.

లోపల వదిన కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. మోకాళ్ల మీద ఎవరో దుప్పటి కప్పారు. ఎదురుగా ఒక పెద్దాయన, స్టేషన్ ఉద్యోగి, చెమటలు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

"మీకు భయం వేయలేదా వదినా?"

"ఎందుకు వేయలేదు? కానీ ఈయన నాకన్నా ఎక్కువ కంగారుపడిపోతుంటే, ఏం కాదు బాబూ, మా అమ్మాయి వచ్చేస్తుందని తెలుగులో ఈయనకి ధైర్యం చెబుతూ కూర్చున్నా."

మేం తిరిగి వచ్చాం. ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ నా పాస్‌పోర్ట్ తిరగేస్తున్నంతసేపూ, సిటిజన్ల వరసలోంచి ముందే బయటికి వచ్చేసిన వదిన గీత దగ్గరే నిలబడి నన్ను చూస్తూ ఉన్నారు. కదలమని ఎవరో చెప్పినా కదల్లేదు. "భయమని పేరు పెట్టారు గానీ, సగం అది జాగ్రత్తేనమ్మా," అన్నారు కార్‌లో. ఆ మాట తర్వాత చాలాసార్లు అన్నారు. నా భయాలు పోలేదు. వాటిని చూసి సిగ్గుపడటం మాత్రం మానేశాను.

ఆవిడ పోవడానికి కొన్ని వారాల ముందు కూరగాయలకని ఇద్దరం నడిచి వెళ్లాం. తిరిగొస్తూ రోడ్డు దాటుతుంటే ఒక పెద్ద ట్రక్కు మా కోసం ఆగింది. నేను గబగబా అవతలికి వచ్చేశాను. వదిన రోడ్డు మధ్యలో ఆగి, చేతిలో కొత్తిమీర కట్టతో, డ్రైవర్ వైపు తిరిగి, టోక్యో వాళ్లలాగా నడుం వంచి నమస్కరించారు. గడ్డం మనిషి, బిత్తరపోయాడు. తర్వాత టోపీ తీసి, స్టీరింగ్ మీదికి వంగాడు. అతను వంగాడు కదా అని వదిన మళ్లీ వంగారు. అతనూ మళ్లీ వంగాడు. "రండి వదినా, కార్లు!" అని నేను అరుస్తున్నాను. ట్రక్కు వెనక కార్లు బారులు తీరాయి, ఒక్కరూ హారన్ కొట్టలేదు. సన్నటి వానలో అన్నిటి వైపర్లూ అటూ ఇటూ ఊగుతున్నాయి.