పెద్దక్షరాల ఆప్షన్

రాష్ట్రం విడిపోయిన ఏడు, విజయనగరంలోని మా ఆఫీసులో ఒక సీనియర్ ఉండేవారు. ఆదేశం టైపు చేస్తే సరుకు నిల్వలు తెరమీద చూపే కమాండ్‌లైన్ టూల్ ఆయనే రాశారు. కనబడిన ప్రతివారినీ అడిగేవారు: "నీకెలా కనిపిస్తే బాగుంటాది, బాబూ?" ఒకరికి పట్టికలా, ఒకరికి రంగుల్లేకుండా, అడిగినవారికల్లా ఒక ఆప్షన్ చేర్చేవారు.

పెద్దక్షరాల ఆప్షన్ ఎవరూ అడగలేదు కదా అని, కోడ్ సర్దుతూ నేను తీసేశాను.

మర్నాడు ఆయన ముక్కు తెరకి ఆనేలా వంగి చదువుతున్నారు.

"ఏటయింది సార్?"

"సూపు తగ్గతన్నాది బాబూ. అది నాకోసం ఎట్టుకున్నాను. పోన్లే."

ఆ సాయంత్రమే తిరిగి పెట్టాను. ఆ అక్షరాలు కూడా ఆయన కంటికి ఎక్కువ రోజులు ఆనలేదు. ఉద్యోగం మానేసి సొంతూరు నరసన్నపేట వెళ్లిపోయారు.

అందర్నీ అడిగిన ఆ మనిషిని, మీకెలా కనిపిస్తోందని మేమెవరమూ ఒక్కసారీ అడగలేదు.