పదహారుకు దిగిపోయే అంకె

2023 మే నెల, అరసవల్లిలో ఓ కొత్త మేడ. పై గదిలో నెలలు నిండకుండా పుట్టిన పసిబిడ్డ. చలి తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పారట. నేను ఏసీ మెకానిక్‌ని. ఎనిమిదో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరు వదిలేసుకున్నాం, ఇద్దరికీ బాధ లేదు.

ఆ గదిలో స్మార్ట్ థర్మోస్టాట్ బిగించింది నేనే. గోడమీద ఉండే చిన్న పెట్టె అది. గది వేడి చూసి ఏసీకి పని చెబుతుంది. ఇంటర్నెట్‌కి కలిపితే ఫోనులోంచి కూడా మన మాట వింటుంది.

బిడ్డ అమ్మమ్మ సూరమ్మ గారు గుమ్మంలోనే పట్టుకున్నారు. "ఇరవై ఎనిమిదిలో ఎట్టినా పదహారుకి దిగిపోతన్నాది బాబూ! కట్టేత్తే గది పొయ్యిలాగుంతాది. పొద్దున్న బిడ్డ పాదాలు మంచుగడ్డలే. దిష్టి తీసినాను, తగ్గనేదు."

"దెయ్యానికీ ఉక్కపోస్తందేమో మామ్మా, ఎండలు అలాగున్నాయి మరి."

ఆవిడ నవ్వలేదు.

ఇరవై ఎనిమిదికి పెట్టి చెయ్యి తీశాను. చూస్తుండగానే ఇరవై ఐదు. ఇరవై. పదహారు. పెట్టెను ఎవరూ ముట్టలేదు. ఇంట్లోవాళ్ల ఫోన్లన్నీ నా ఎదురుగా బల్లమీదే ఉన్నాయి.

వైఫై ప్లగ్గు పీకేసి మళ్లీ ఇరవై ఎనిమిది పెట్టాను. ఈసారి అంకె కదల్లేదు. అంటే అంకెను దించే వేలు బయటినుంచి, నెట్‌లోంచి వస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది నా నిర్వాకం. డిఫాల్ట్ పాస్‌వర్డ్, అంటే కంపెనీ అన్ని పెట్టెలకూ ఒకటే వేసి పంపేది, నేనెప్పుడూ మార్చేవాణ్ని కాదు. మారిస్తే ఇంటివాళ్లు మర్చిపోయి నా ప్రాణం తీస్తారని. పైగా కళింగపట్నం దాకా బండి తోలకుండా ఇంట్లో కూర్చునే బాగుచేద్దామని, బయటినుంచి లోపలికి వచ్చే దారీ తెరిచి ఉంచేవాణ్ని. ఆ పాస్‌వర్డ్ కంపెనీ పుస్తకంలో అచ్చయి ఉంది. ఆ పుస్తకం నెట్‌లో ఉంది.

సూరమ్మ గారికి అంతా చెప్పాను.

"అంటే తాళం ఏసి, సెవి గుమ్మం మీదెట్టినావు."

"మన ఊళ్లో అందరూ అలాగే ఎడతారు కదా మామ్మా."

"మనూళ్లో ఎవులు తీత్తారో నాకు తెలుసు. ఇది ఎవులు తీసినారో నీకు తెలుసేటి?"

తెలియదు. ఇప్పటికీ తెలియదు.

పాస్‌వర్డ్ మార్చి, దారి మూసి, మెట్లమీద కూర్చున్నాను. గది వెచ్చబడ్డాక బిడ్డ ఏడ్చి పాలు తాగిందని సూరమ్మ గారు వచ్చి చెప్పేదాకా లేవలేకపోయాను.

తర్వాత వారమంతా, నేను ఆ పెట్టె బిగించిన ప్రతి గుమ్మమూ ఎక్కాను. తప్పు ఒప్పుకుని తాళాలు మార్చాను. భావనపాడులో ఒకాయన వెక్కిరించాడు. "మా ఇంటికెవుడూ రానేదురా, ఏటా కంగారు?"

"రానేదో, వచ్చి సూసి ఊరుకున్నాడో, ఎలాగ తెలుస్తాది మావా?" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఈసారి నేనూ నవ్వలేదు.