కూర్చోని కిటికీ

మా మావయ్య ఎవరింటికి వెళ్లినా ముందు కూర్చోడు. కిటికీ చట్రాన్ని వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి విన్నాకే మనుషుల క్షేమం అడుగుతాడు.

"కూర్చో మావయ్యా."

"ముందు నీ కిటికీని కూర్చోనివ్వరా. ఇది గోడలో కూర్చోలేదు, వేలాడుతోంది."

వడ్రంగం మానేసి ఆరేళ్లయినా ఆ చెవి మాత్రం మానలేదు. ఆపరేషనయిన తమ్ముణ్ణి చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లి, గుమ్మంలోంచి తిన్నగా కిటికీ దగ్గరికి నడిచాడు. టకటకా కొట్టి, పెదవి విరిచి, "లాభం లేదు. ఎక్కువ రోజులు ఉండదు" అన్నాడు. మంచం మీద చిన్న మావయ్యకి మళ్లీ జ్వరం వచ్చింది.

మా ముందుగది కిటికీతో మేం అప్పటికే విసిగి వేసారి ఉన్నాం. రెక్క మూతపడదు. వానొస్తే గోడ చెమ్మెక్కుతుంది. మూలలో మొదలైన బీట మూడేళ్లలో కప్పుదాకా పాకింది. పక్కనున్న తలుపు కూడా పట్టేయసాగింది.

మావయ్య కొట్టి, విన్నాడు. "పైన దూలం వేయలేదురా. గోడ బరువంతా ఈ చట్రమే మోస్తోంది. పాపం, నడుం వంగిపోయింది."

"ఈ ఇల్లు కట్టిన మేస్త్రీ ఎక్కడుంటాడో చెప్పు. వెళ్లి నాలుగు దులిపేసి వస్తా."

"మేస్త్రీదేముంది? చెక్క ఉబ్బింది, అంతే."

"ఇప్పుడేగా దూలం లేదన్నావు?"

"ఆ... అదీ ఉబ్బింది."

పదహారు రోజులు మా ముందుగదిలో గోడకి మూడు మొద్దులు ఆసరాగా నిలిచాయి. వాటి మధ్యనుంచే దూరి తిరిగాం, వాటిమీదే తువ్వాళ్లు ఆరేశాం. "ఇంకెన్నాళ్లు మావయ్యగారూ?" అని అడిగే ఓపిక కూడా మా ఆవిడకి పోయింది. ఆయన మాత్రం ఈలవేసుకుంటూ దూలం వేశాడు, చట్రం మళ్లీ బిగించాడు.

పదిహేడో రోజు పొద్దున్నే ఓ ముసలాయన్ని చెయ్యిపట్టి నడిపించుకొచ్చాడు.

"మీ ఇల్లు కట్టిన మేస్త్రీ ఈయనే" అన్నాడు.

దులపడానికి నోరు తెరిచాను. ముసలాయన కళ్లు తెల్లగా మసకబారి ఉన్నాయి. ఆయన తడుముకుంటూ వెళ్లి రెక్క మూశాడు, తీశాడు, మళ్లీ మూశాడు. మొహం విచ్చుకుంది.

"చూపు తగ్గుతున్నా ఎవరికీ చెప్పకుండా పనిచేశాను బాబూ. అప్పుడు పెట్టిన కిటికీలన్నీ ఏమయ్యాయోనని ఒకటే దిగులు. మీ మావయ్య ఇప్పటికి తొమ్మిదిళ్లు తిప్పి చూపించాడు. ఒక్కటీ కదల్లేదు!"

ఆ తొమ్మిదిళ్లలోనూ మావయ్య మొద్దులు నిలబెట్టాడని మా చుట్టాలందరికీ తెలుసు. ఎందుకో మాత్రం ఆ రోజే తెలిసింది. మావయ్య నావంక చూడకుండా గోడ గోకుతున్నాడు.

"రాయిలా ఉంది మేస్త్రీ గారూ" అన్నాను.

ముసలాయన పొంగిపోయాడు. "అయితే మీ పడగ్గదికి ఇంకో కిటికీ పెట్టేయనా? అక్కడ గాలి ఆడదు."

నేను మావయ్య వంక చూశాను.

"పెట్టు. నేను పక్కనుంటాగా" అన్నాడు మావయ్య.

మా ఆవిడ ఓ పెద్ద నిట్టూర్పు విడిచి, మంచం పక్కకి జరపడానికి వెళ్లింది.