ఒక చెవి అమ్మకు

ఓపీ వరుసలో ఎవరో ఫోన్ స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నారు. అవతలి గొంతు రక్తపరీక్ష ఫలితం గడగడా చదువుతోంది. బెంచీ మీదున్న వాళ్ళంతా చెవులు రిక్కించారు. నేను హౌస్‌సర్జన్‌ని, పక్క గదిలో బీపీ చూస్తున్నాను. లేచి వెళ్ళి "స్పీకర్ ఆపండి!" అని అరిచాను. అంత కోపమెందుకని నర్సు అడిగింది. నాకు డాక్టర్ వసుంధర గుర్తొచ్చారు.

పెరంబూరులో ఆమెకు చిన్న క్లినిక్ ఉండేది. మాలాగే ఆమెవాళ్ళూ తరతరాలుగా మద్రాసులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. డాక్టర్లు కావాలనుకునే ప్లస్‌టూ పిల్లలను ఆసుపత్రులు లోపలికి రానివ్వవు కదా, అందుకని శనివారం ఉదయం రెండు గంటలపాటు తన పని మాకు ఫోన్లో చూపించేవారు. మేం ఆరుగురం. కెమెరా ఆమె వైపే ఉండేది. రోగి ముఖం కనిపించదు, పేరు పలకరు, గొంతు మాత్రం వినిపిస్తుంది. ప్రతి ఒక్కరినీ ముందే అడిగేవారు: "డాక్టర్ చదవాలనే పిల్లోళ్ళు ఆరు మంది వింటా ఉండారు. ఉండనియ్యనా, ఆపేసేదా?" వద్దన్నవాళ్ళు కూర్చున్నంతసేపూ మా తెర నల్లగా ఉండేది. మాకు పెట్టిన నియమం ఒకటే. "ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, తలుపు మూసుకోండి. ఆడ ఇంకెవురూ ఉండకూడదు. సరియా?"

తొండియార్‌పేటలో మాది ఒకటే గది. తలుపు మూస్తే అమ్మ కూడా లోపలే ఉంటుంది. జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ, "ఏం చెప్తా ఉండారు మా? నాకూ ఒకటి ఇయ్యి" అంది మొదటి వారమే. కూతురు డాక్టరవుతుందని ఆమెకు కొండంత ఆశ. కాదనలేకపోయాను. ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో, రెండోది అమ్మ చెవిలో. అంత సంతోషంగా నేను ఎప్పుడూ చదువుకోలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక శనివారం వినిపించిన గొంతు మాకు బాగా తెలిసినది. మా వీధి చివర ఒంటరిగా ఉంటూ, ఒక పెద్దింట్లో వంట చేసే మేరీ అక్క. అది ఆమె అసలు పేరు కాదు. పిల్లలు వినొచ్చా అని డాక్టరమ్మ అడిగితే, "ఉండనీండి, నేర్చుకోనీ" అంది. ఆమెకు టీబీ అని తేలింది. ఆరు నెలలు మాత్రలు వేసుకోవాలి, వారానికోసారి వచ్చి తీసుకెళ్ళాలి. అమ్మ చేతిలో సూది ఆగిపోయింది. అప్పుడైనా నేను ఆ ఇయర్‌ఫోన్ లాగేయాల్సింది. లాగలేదు.

సోమవారం నీళ్ళ లారీ దగ్గర, బిందెల వరుసలో, అమ్మ మేరీ అక్క భుజం మీద చెయ్యేసింది. "టీబీ అయితే ఏముంది అక్కా? మాత్రలేసుకుంటే పోతాది, భయపడబాక." మనసారా ధైర్యం చెప్పింది. వెనక నలుగురు విన్నారు. బుధవారానికల్లా ఆ పెద్దింటివాళ్ళు మేరీ అక్కను రావద్దన్నారు. వీధిలో మాత్రం తనే మానేశానని చెప్పుకుంది.

మళ్ళీ శనివారం డాక్టరమ్మ రోగులెవరినీ పిలవలేదు. "పోయిన వారం వొచ్చిన ఆమెకి పని పోయినాదంట. 'మీ పిల్లోళ్ళ వల్లనే, ఇంక రాను' అని ఫోన్ పెట్టేసింది. ఎవురి పేరూ చెప్పలేదు. ఆమె మాత్రలు ఈడే ఉండాయి. మధ్యలో ఆపితే రోగం మొండికేస్తాది. ఎవురింట్లో పొక్కింది?"

తెర మీద ఆరు గడుల్లో మా ఆరు ముఖాలు. అమ్మ జాకెట్లు ఇచ్చిరావడానికి వెళ్ళింది, గదిలో నేనొక్కదాన్నే. చెబితే నన్ను తీసేస్తారు, నా డాక్టరు చదువు అక్కడితో సరి అనుకున్నాను. చెప్పకపోతే మేరీ అక్క ఏమవుతుందో కూడా అప్పుడే విన్నాను. మ్యూట్ తీశాను.

"మా ఇంట్లోనే డాక్టరమ్మా. ఒక చెవి అమ్మకిచ్చాను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "నేను ఆ వీధిలోకి వొస్తే తెలీనోళ్ళకి కూడా తెలిసిపోతాది. నువ్వు పో. ఆమెని పిలుచుకోని రా."

మేరీ అక్క తలుపు బెత్తెడే తీసింది. పక్క గుమ్మంలో ఇద్దరు కూర్చుని ఉన్నారు, నా తప్పు గట్టిగా చెప్పుకునే వీలు కూడా లేదు. గుసగుసగా, ఏడుస్తూ చెప్పాను. అంతా విని, "నేర్చుకోనీ అన్నానే. నేర్చుకున్నావా?" అంది. మళ్ళీ తనే అడిగింది: "నా పని ఎట్టా పోయిందో మీ అమ్మకి తెలుసా?"

"తెలీదక్కా."

"చెప్పబాక. ఆమె తట్టుకోలేదు." చెప్పులేసుకుని నాతో బయల్దేరింది.

ఆరు నెలలు ప్రతి వారం ఆమె వెంట వెళ్ళాను. డాక్టరమ్మ నన్ను ఫోన్ క్లాసులోకి మళ్ళీ రానివ్వలేదు, క్లినిక్ బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఊరికే కూర్చోవడమెందుకని, పాత చీటీల వెనక అక్షరాలు రాసిచ్చి తెలుగు చదవడం, రాయడం నేర్పారు. అమ్మలాగే నేనూ తమిళంలో చదువుకున్నదాన్ని. మా ఇంట్లో తెలుగు మాట్లాడటమే తప్ప అక్షరం ముక్క ఎవరికీ రాదు.

డాక్టరమ్మ పోయిన ఏడాది కన్నుమూశారు. మేరీ అక్కకు నయమైంది, వేరే ఇంట్లో వంట చేస్తోంది. ఆమె ఎదురైనప్పుడల్లా అమ్మ, "ఆ పొద్దు నేను ధైర్యం చెప్పినాను గదా, చూడు!" అంటుంది. "అవును మా" అంటుంది మేరీ అక్క. రోగుల రహస్యాలు ఎన్నో దాచే పనిలో ఉన్నాను, అమ్మ దగ్గర దాచిన ఈ ఒక్కటే నాకు బరువు. ఇదంతా రాయొచ్చా అని మొన్న మేరీ అక్కనే అడిగాను.

"తెలుగులో రాయి" అంది. "మీ అమ్మకి చదవను రాదు గదా."