మలుపు దగ్గర దిగే అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. పోయిన వారం ఒకరోజు పొద్దున్నే చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని మంచం మీద ఒరిగింది. మళ్లీ లేవలేదు. ఆమెను తలుచుకుంటే ఏడుపు కంటే ముందు నవ్వొస్తోంది. అందుకు ఆమె ఏమీ అనుకోదులెండి.

మాది లక్సెట్టిపేట. పెళ్లయిన కొన్నాళ్లకే మా ఆయన మస్కట్ వెళ్లారు. ఆ తర్వాత నాకు ఒక పల్లె దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చింది. సంబరపడేలోపే తెలిసింది, ఆ ఊరికి బస్సు లేదని, ఆటోలు పొద్దెక్కితే గాని కదలవని.

"అంత దూరం రోజూ ఎట్ల పోతవ్? ఇడిచిపెట్టు" అన్నారు మా ఆయన ఫోన్లో. చదివిన చదువు అటకెక్కినట్టే అనుకుని దిగులుపడ్డాను.

అత్తమ్మ ఆ మాటల్లోకే రాలేదు. మర్నాడు, కొడుకు పొలానికి తిరిగిన మోపెడ్ మీది దుప్పటి తీసి, తుడిచి, నెట్టుకుంటూ మార్కెట్ యార్డుకు బయలుదేరింది. వడ్లు లేని రోజుల్లో అది ఖాళీగా ఉంటుంది, బండి నేర్చుకోవడానికి అనువు. యాభై దాటిన మనిషి! మోకాళ్లు చెక్కుకుపోయి వచ్చేది, మర్నాడు మళ్లీ పోయేది.

"ముసలిదానికి దసరా పండుగ అన్నట్టున్నది. గీ వయసుల బండెందుకే నీకు?" అని పక్కింటామె ఎగతాళి చేసింది.

"నడిస్తే కాళ్లు నొస్తున్నయి" అంది అత్తమ్మ, మోకాళ్ల దెబ్బలకు పసుపు అద్దుకుంటూ.

నన్ను నేర్చుకోమని ఒక్కనాడూ అనలేదు. వెనక కూర్చోబెట్టుకుని దవాఖాన దాకా దింపి వచ్చేది. కొన్నాళ్లకు నాకే ఆశ పుట్టింది.

"అత్తమ్మా, జర నేను పట్టి చూస్త" అన్నాను.

వెంటనే దిగి హ్యాండిల్ నా చేతికిచ్చింది. "పడితె లెవ్వాలె, గంతే. ఫికరెందుకు?" అంది. ఆమె చెప్పిన పాఠమంతా అదే.

అయితే ఆమెకు ఒక విద్య చివరిదాకా అబ్బలేదు. బండిని వెనక్కి తిప్పడం. తిప్పాల్సిన చోట ఆపి, దిగి, బర్రెను మళ్లించినట్టు చేత్తో మెల్లగా మళ్లించి, కొంగు సర్దుకుని మళ్లీ ఎక్కేది. ఆమెను చూసి నేర్చుకున్న నేనూ అంతే చేశాను. మమ్మల్ని చూసి, కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి రావడానికి పక్కింటామె నేర్చుకుంది. అవును, ఎగతాళి చేసినామే. తర్వాత ఆమె కోడలు, ఎదురింటివాళ్లు. అందరం దిగే తిప్పేవాళ్లం. పద్ధతే అది కాబోలని నమ్మాం.

సెలవు మీద వచ్చిన మా ఆయన అది చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "అవ్వా, దిగకుంట గూడ తిప్పొచ్చే!"

"నీకు తొందర. మాకేం తొందర?" అంది అత్తమ్మ.

తర్వాత మేమంతా ఆ విద్య కూడా నేర్చుకున్నాం, ఆమె తప్ప. ఇవాళ్టికీ నేను అదే దవాఖానలో పనిచేస్తున్నాను. అదంతా ఆమె తిన్న దెబ్బల చలవే. ఒకసారి ఆ మాటే అంటే, "నీ సదువు నువ్వు సదివినవ్, నా బండి నేను నేర్సుకున్న" అని పప్పులో పోపు వేసింది.

పోయిన మూడోనాడు, ఆమె పేరున పిట్టకు ముద్ద పెట్టడానికి గోదావరి ఒడ్డుకు వెళ్లాం. ఆమెకు ఇష్టమైనవి విస్తరిలో పెట్టి పక్కకు జరగ్గానే కాకి వచ్చి ముట్టింది. బతికినన్నాళ్లూ ఎవరినీ ఎదురుచూసేలా చేసిన మనిషి కాదు మరి.

వాడకట్టు ఆడవాళ్లు ఎవరి బండి మీద వాళ్లే వచ్చారు. మస్కట్ నుంచి వచ్చిన మా ఆయన అత్తమ్మ మోపెడ్ మీద నా వెనక కూర్చున్నారు. ఇంటిదారి పట్టాలంటే పెద్దరోడ్డు మీద డివైడర్ చివర వెనక్కి తిరగాలి. అక్కడ ముందున్న పక్కింటామె బండి ఆపి, దిగి, చేత్తో మళ్లించడం మొదలుపెట్టింది. ఆమె వెనక కోడలు దిగింది. ఆ తర్వాత అందరం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వెనక లారీ ఒకటి హారన్ కొడుతూనే ఉంది.

మా ఆయనా దిగి, వెనక నుంచి బండి మీద ఒక చెయ్యి వేశారు. ఇద్దరం మెల్లగా తిప్పాం.