చెవి పట్టుకుని చెప్పిన మాట

సినిమాలో మాటలున్న వేషం నాకు మొదటిసారి దొరికింది మా పెద్ద మనవరాలు పుట్టిన ఏడాది, శివరాత్రికి పది రోజుల ముందు. భీమిలి ఒడ్డున షూటింగు, ఆరు రోజుల కాల్షీటు. కాల్షీటంటే, ఫలానా రోజులు మీకే వస్తాను, ఇంకెవరికీ ఒప్పుకోను అని నటులు ఇచ్చే మాట. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు. ఏడో తరగతితో చదువు ఆగిపోయి, పోర్టులో కళాసీగా పనిచేసే మనిషిని కట్టుకుని, వన్ టౌన్‌లో ఇరుకు సందులో కాపురం చేసుకునే దాన్ని అక్కడిదాకా ఎలా వెళ్లానో ముందు చెప్పాలి.

మా సందులో పిల్లలకి బడి వదలగానే నా అరుగే చోటు. వాళ్లకి కథలు చెబుతూ చేపలు తోముకునేదాన్ని. ఎదురింటికి కేబుల్ వైరు వేయించడానికి వచ్చిన లోకల్ చానల్ ఆయన ఒకరోజు కథ అయ్యేదాకా నిలబడిపోయాడు. "అమ్మా, ఇదే మా కెమెరా ముందు చెప్తావా?" అన్నాడు. మా ఆయన నవ్వాడు. "దీనికి కెమెరా ఎందుకు బావూ, మైకు లేకుండానే హార్బర్ దాకా వినపడతాది" అన్నాడు.

అలా 'చిట్టత్త కబుర్లు' మొదలైంది. నా పేరు అప్పలనర్సమ్మ. చిట్టత్త చానల్ వాళ్లు పెట్టిన పేరు. రోజూ సాయంత్రం ఐదున్నరకి అరగంట. ఒక కెమెరా, ఒక లైటు, వెనకాల చందమామ బొమ్మ వేసిన దుప్పటి. కథ చెప్పాలి, మధ్యలో పిల్లలు ఫోన్ చేస్తే మాట్లాడాలి. అంతా లైవే, అంటే నోరు జారితే ఊరంతా వినేస్తుంది, తిరిగి తీసుకోవడం ఉండదు.

కథ అయ్యాక పిల్లలు అడిగేది ఒకటే. "అత్తా, నిజంగానా?" కథలకి నిజం అనలేను, అబద్ధం అంటే వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. అందుకని ఒకరోజు నా కుడి చెవి తమ్మె పట్టుకుని చెప్పాను. "ఇలా చెవి పట్టుకున్నప్పుడు అత్త చెప్పేది నిజం. పట్టుకోకపోతే కబుర్లు." అది పిల్లల్లో పాకిపోయింది. పోలియో చుక్కలు నొప్పి పెట్టవని చెవి పట్టుకుని చెప్పాను, ఏడవకుండా వేయించుకున్నారు. పాలు తాగితే తెల్లగా అవుతారని చెవి పట్టుకుని చెప్పమని ఒకావిడ చానల్ ఆఫీసుకే వచ్చింది. చెప్పనన్నాను. ఆరేళ్లలో ఒక్క అబద్ధానికీ చెవి పట్టుకోలేదు. అదే నా చదువు, అదే నా గొప్ప.

లొకేషన్లు వెతకడానికి విశాఖ వచ్చిన ఒక కో-డైరెక్టర్ హోటల్ గదిలో నా కార్యక్రమం చూశాడు. కో-డైరెక్టరంటే దర్శకుడి తర్వాత మనిషి, సెట్లో ఎవరు ఎక్కడ నిలబడాలో ఆయన మాటే. ఆయన పిలిపిస్తే వెళ్లాను, ముందు మూడు సినిమాల్లో గుంపులో నిలబెట్టారు. గుంపులో నిలబడేవాళ్లని జూనియర్ ఆర్టిస్టులంటారు. మాటలుండవు, పేరుండదు. మాటలుంటే క్యారెక్టర్ ఆర్టిస్టు. తేడా తెలియాలంటే భోజనాల వేళ చూడాలి. క్యారెక్టర్ ఆర్టిస్టుకి కుర్చీ వేస్తారు. భీమిలిలో మొదటి రోజు నాకు కుర్చీ వేశారు. ఎండలో ఆ ప్లాస్టిక్ కుర్చీ కాలిపోతున్నా లేవలేదు.

నా వేషం చిన్నది. వేటకి వెళ్లిన తండ్రి చనిపోయాడని కూతురికి చెప్పే మేనత్తని. ఒక్కటే సీను. కూతురిగా వేసింది ఆ ఊరి పిల్లే, నూకరత్నం. ఎనిమిదేళ్లు. వాళ్ల నాన్న ఎల్లాజీ విశాఖ హార్బర్ నుంచి పెద్ద బోటులో వేటకి వెళ్తాడు. వెళితే పది పదిహేను రోజులు రాడు, కొంత దూరం దాటాక ఫోనూ అందదు.

పిల్ల నన్ను చూడగానే చుట్టూ ఒకసారి తిరిగింది.

"నువ్వు సిట్టత్తవేనా? టీవీలో తెల్లగుంటావు, ఇక్కడేటి ఇలగున్నావు?"

"పౌడరే అమ్మీ. ఇక్కడ సెమటకి కారిపోనాది."

"అయితే మొన్న సొరసేప కత నిజవేనా?"

"నాను సెవి పట్టుకున్నానా?"

"నేదు."

"మరింకేటి?"

నవ్వి నా ఒళ్లో కూర్చుంది. వాళ్ల నాన్న వేటకెళ్లి పది రోజులైందని, కోనాం చేప తెస్తానన్నాడని, తనకి కోనాం అంటే ప్రాణమని చెప్పింది. "నీకూ ఓ ముక్క ఇత్తాలే అత్తా. ఒట్టు" అంది.

రెండో రోజు మధ్యాహ్నం మా సీను. పిల్లకి ఏడుపు రాలేదు. కంటికింద గ్లిజరిన్ రాశారు. అది రాస్తే కళ్లు మండి నీళ్లు కారతాయి. పిల్ల కళ్లు నులుముకుని, మండుతోందని గెంతి, కెమెరా వైపు చూసి నవ్వేసింది. ఏడు టేకులు పోయాయి. ఎండ వాలుతోంది. కో-డైరెక్టర్ నా చెవిలో చెప్పాడు. "వెలుతురు పోతే ఈ సీను ఎత్తేస్తారమ్మా. చావు కబురు వేరేవాళ్ల మాటలో చెప్పించేస్తారు. మీ వేషం ఇంక ఉండదు."

దర్శకుడు నా దగ్గరికి వచ్చాడు. మర్యాదస్తుడే. "మీరు చెబితే పిల్లలు నమ్ముతారటగా అమ్మా. మీ పద్ధతిలో ఒకసారి మాట్లాడి చూడండి. నేను యాక్షన్ అనను. కెమెరా తిరుగుతూనే ఉంటుంది" అన్నాడు. పిల్ల తల్లి పోలమ్మని టిఫిన్ తినమని టెంటు వైపు పంపించేశారు.

ఏ అబద్ధం చెప్పాలో ఆయన చెప్పలేదు. అది నేనే వెతుక్కున్నాను.

పిల్ల ఇసకలో వేలితో పీత బొమ్మ గీస్తోంది. పక్కన కూర్చున్నాను.

"అమ్మీ, నీకో మాట సెప్పాలి."

"మళ్లీ ఏడమంటావా? నాకు రాదత్తా. ఏడుపొచ్చే గుంటని తెచ్చుకోమని సెప్పు ఆలకి."

"అది కాదే. హార్బర్ నుంచి ఫోనొచ్చింది. మీ నాన బోటు తిరగబడిపోయిందట."

వేలు ఆగింది. నా ముఖంలోకి చూసింది. "సినిమాలో నానేనా?"

"కాదు. మీ నానే."

"సెవి పట్టుకుని సెప్పు."

నేను అక్కడ ఆగిపోవచ్చు. ఉత్తినే అన్నానే పిచ్చిపిల్లా అని దగ్గరికి తీసుకోవచ్చు. కుర్చీ గుర్తొచ్చింది. చెయ్యెత్తి చెవి పట్టుకున్నాను. "నిజవే అమ్మీ" అన్నాను.

పిల్ల వెంటనే ఏడవలేదు. గీసిన పీతని అరచేత్తో చెరిపేసింది. నోరు తెరిచింది, గొంతు రాలేదు. మళ్లీ తెరిచింది. అప్పుడు వచ్చింది. ఆ కేక నేను రాయలేను.

దర్శకుడు మెల్లగా కట్ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అవి విని నేను నవ్వాను. అది దాచుకోను.

పిల్ల లేచి టెంటు వైపు పరిగెత్తింది. వెనక నేనూ వెళ్లాను. నేను చేరేసరికి పోలమ్మ చేతిలో ప్లేటు కింద పడి ఉంది.

"ఏటమ్మా, నిజవేనా? ఫోనెవులు సేసారు?" అంది నన్ను చూసి.

"లేదమ్మా, ఫోనూ లేదు ఏమీ లేదు. పిల్లకి ఏడుపు రావాలని అన్నాను. షాట్ కోసం."

"సెవి పట్టుకున్నావంట కదా?" అంది. ఆవిడ కూడా అదే అడిగింది.

పక్కన పోలమ్మ అత్తగారు ఉంది. ఎల్లాజీని కన్నతల్లి. ఆవిడ అరవలేదు. "సముద్రం మీదున్న మనిసిని పట్టుకుని ఆ మాటంటావా? ఏడుపే కావాలంటే మీ ఆయన సచ్చిపోనాడని నువ్వే ఏడవలేకపోనావా? మాయోడే దొరికాడా నీకు?" అంది. వేటకి వెళ్లినవాళ్లు ఒడ్డుకి చేరేదాకా వాళ్ల ఇళ్లలో అలాంటి మాట నోట రానివ్వరు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి హార్బర్ పక్కన బతికిన దాన్ని, నాకు తెలియక కాదు.

పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. చెవి పట్టుకున్నాను. "అమ్మీ, ఇదిగో, సెవి పట్టుకుని సెప్తన్నాను. మీ నానకి ఏటీ అవనేదు. నాను అబద్దం ఆడాను."

పిల్ల నా చెయ్యి వైపు చూసింది. తర్వాత తల్లి చీర పట్టుకుని ముఖం అటు తిప్పేసుకుంది.

తల్లి చెప్పినా, నాయనమ్మ చెప్పినా వినలేదట. బోటు ఓనర్‌కి ఫోన్ చేయించారు. బోటు ఇంకా రాలేదన్నాడాయన. రాకపోవడం మామూలే, కానీ పిల్లకి ఆ ఒక్క ముక్కే వినిపించింది. మర్నాటి నుంచి షూటింగుకి రాలేదు. మిగతా షాట్లు వేరే పిల్లని వెనక నుంచి చూపించి తీసుకున్నారు. నూకరత్నం విశాఖ బస్సులు ఆగేచోట సిమెంటు బల్ల మీద కూర్చునేది. నాన్న హార్బర్‌లో దిగితే బస్సులోనే రావాలి కదా. నా పని అయిపోయినా కాల్షీటు ఇచ్చాను కాబట్టి ఆరు రోజులూ వెళ్లాలి. కంపెనీ వ్యాన్ ఆ బల్ల ముందు నుంచే పోవాలి. మూడో రోజూ, నాలుగో రోజూ, ఐదో రోజూ పిల్ల అక్కడే ఉంది. ప్రతి బస్సు తలుపు వైపూ చూస్తోంది. నేను వ్యాన్‌లో రెండో వైపు సీటుకి మారాను.

ఆరో రోజు బల్ల ఖాళీగా ఉంది. ఎల్లాజీ క్షేమంగా వచ్చాడని కో-డైరెక్టర్ చెప్పాడు.

ఆ సాయంత్రం ప్యాకప్ అయ్యాక, అంటే పని ముగిసి సామాన్లు సర్దేటప్పుడు, పోలమ్మ అత్తగారు వచ్చింది. విస్తరాకులో చుట్టిన పొట్లం నా కుర్చీలో పెట్టింది. నేను నిలబడే ఉన్నాను.

"కోనాం ముక్క. గుంట నీకు మాటిచ్చిందంట. ఇచ్చీసి రమ్మంది" అంది. ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది.

ఇంటికి తీసుకెళ్లి వండాను. మా ఆయన తిన్నాడు. నాకు దిగలేదు.

సినిమా వచ్చింది. ఆ సీను ఉంచారు. తీసేయమని నేను అడగలేదు, నాకున్నది అదొక్కటే. చూసినవాళ్లందరూ ఒకటే మాట. చావు కబురు చెప్పేటప్పుడు ఆవిడ చెయ్యి చెవి దగ్గరికి వెళ్లడం ఎంత సహజంగా ఉందో అని. దాని మీదే నాకు వేషాలు వచ్చాయి. పదిహేనేళ్లు అమ్మగా, అత్తగా, నాయనమ్మగా కుర్చీలో కూర్చున్నాను.

టీవీ కార్యక్రమం మాత్రం ఎక్కువకాలం సాగలేదు. సినిమా ఆడుతుండగానే మల్కాపురం నుంచి ఒక పిల్ల ఫోన్ చేసింది. లైవ్‌లోనే.

"అత్తా, సినిమాలో సెవి పట్టుకున్నావు కదా. ఆ నాన నిజంగా సచ్చిపోయాడా?"

"లేదమ్మా, బతికే ఉన్నాడు."

"మరి సెవెందుకు పట్టుకున్నావు?"

ప్రకటనలు వేయమని కెమెరా ఆయనకి సైగ చేశాను. ఆ వారాంతానికి చానల్ వాళ్లకి వేరే మనిషిని చూసుకోమని చెప్పాను. సినిమా పనులు ఎక్కువయ్యాయన్నాను. అదీ అబద్ధమే.

మోకాళ్లు సహకరించక రెండేళ్ల కిందట షూటింగులు మానేశాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లు అడుగుతుంటారు, పిల్లలతో నటించేటప్పుడు ఏం చేయాలని. భీమిలి తర్వాత నేను పాటించింది చెబుతాను. షాట్‌కి ముందు పిల్లని కెమెరా దగ్గరికి తీసుకెళ్లి ఇది ఆట అని చూపించాలి. గ్లిజరిన్ ముందు మనం రాసుకుని, తర్వాత వాళ్లకి రాయాలి. తల్లిని కనపడేచోట కూర్చోబెట్టాలి. అప్పటికీ ఏడుపు రాకపోతే కెమెరాని పిల్ల వీపు వైపు పెట్టమని అడగాలి. అలా అడిగినందుకు ఇద్దరు దర్శకులు నన్ను తీసేశారు. ఆ రెండు వేషాలూ పోవలసినవే. మొదటిది కూడా ఆ రోజు పోవలసింది.