ఊడిన బందు, లేని బంద్

తలుపును దర్వాజకు పట్టి ఉంచే ఇనుప ముక్కను మా దిక్కు బందు అంటరు. బొగ్గుబాయిల పని ఆపి అందరు ఇంట్ల కూసుంటె దాన్నిగూడ బందే అంటరు. రాసేటోళ్లకు ఒక పొల్లు తేడా ఉంటదేమో, మా నోట్ల మాత్రం రెండూ ఒక్కటే. దాంతోని మా ఇంట్ల ఏమైందో చెప్తున్న.

అప్పుడు మేము సెంటినరీ కాలనీల క్వార్టర్ల ఉంటుంటిమి. మా ఆయనది బాయిల పని. మోకాలి కీలు వాచి, దవాఖానల కొన్నాళ్లు, ఇంట్ల కొన్నాళ్లు, శానా దినాలు డ్యూటీకి పోలే. "ఇంకొక్క నాగా పడితె నౌకరి ఉండది" అని ఆఫీసు సార్లు చెప్పి పంపిండ్రు. ఆ ఏడు ఒడిసేదాక ఒక్క దినం తప్పొద్దు.

గప్పుడే ముందటి తలుపు మీది బందు ఊడింది. తలుపు ఒక పక్కకు వాలి, తెరిచినప్పుడల్ల నేలను గీక్కుంట ముసలిదాని లెక్క మూలిగేది. ఓనాడు ఆయన మొదటి షిఫ్టు దిగొచ్చి, తిని, మంచంల ఒరిగిండు. కండ్లు మూతలు పడుతున్నయి. నేను బియ్యం ఏరుకుంట, "రేపు బందు" అన్న.

"మంచిదే తియ్" అన్నడు.

నా మాట సగం ఆయన నిద్రల పడ్డది. వారం సంది గేటు కాడ మీటింగులు, బంద్ జేస్తమని మైకులు. ఆయన చెవి దానికే తయారుగ ఉన్నది.

తెల్లారి నాకు మెలకువ వచ్చేసరికి కిటికీ నిండ మంచు. క్వార్టర్లన్ని పాలల్ల మునిగినట్టున్నయి. ఎదురింటి గోడ ఉన్నదో లేదో తెలుస్తలేదు. కలనే ఇంక ఒడవలేదనుకున్న. కలల మా తలుపు ఏ బందు లేకుంటనే గాలిల నిలబడ్డది. తోస్తె పోతున్నది, వస్తున్నది, చప్పుడే లేదు. పక్కకు చెయ్యేస్తె వెచ్చగ మనిషి తగిలిండు. ఆ యాళ్లకు ఆయన డ్యూటీ బస్సుల ఉండాలె.

"ఏందయ్యా, పోలే?"

"ఇయ్యాల బంద్ గదనే. నువ్వే జెప్పితివి."

"అవ్, బందే. వడ్ల కాక పదింటికి వస్తనన్నడు."

"బంద్‌కు కట్టెపని జేసే వడ్లాయనెందుకు? ఆయనేమన్న యూనియన్ లీడరా?"

"లీడరెందుకైతడు? స్క్రూలు పట్టుకొని వస్తడు."

ఇద్దరం ఒక్కపారే తలుపు దిక్కు చూసినం.

ఆయన ఎట్ల లేచిండో, అంగీ ఎట్ల తొడుక్కున్నడో! బస్సు ఎప్పుడో పోయింది. పక్క క్వార్టర్ అక్క బడిల వంట జేస్తది, అప్పుడే స్కూటీ తీస్తున్నది. ఉరికి సంగతి చెప్పిన.

"తలుపు ఊడితె బాయి బంద్ పెట్టిన లీడరువు నువ్వొక్కనివే అన్నా! ఎక్కు జల్ది" అన్నది ఆమె.

ఆయన వంగని కాలు పక్కకు చాపి కూసున్నడు. పదడుగులల్ల మంచు ఇద్దరిని మింగింది. చప్పుడొక్కటి కొంచెంసేపు మిగిలింది.

నేను గడప మీద కూసున్న. బాయిలకు ఫోను తీస్కపోనియ్యరు, ఇంట్లనే పెట్టి పోతడు. ఆలస్యమైతె గేటు కాడికెల్లే వాపస్ పంపుతరు. అంటె, మనిషి కనబడితె నౌకరి పోయినట్టు, కనబడకుంటె ఉన్నట్టు. పెండ్లయిన కాడికెల్లి ఆయన రావాలె, రావాలె అని చూసుడే తెలుసు నాకు. రావద్దని మొక్కుడు గదే మొదలు.

మంచుల ఒకాయన మెల్లగ కాలు ఈడ్చుకుంట వస్తున్నడు. దిగ్గున లేచి నిలబడ్డ. దగ్గరికొస్తె పేపరాయన, పంచరైన సైకిల్ నూక్కుంట.

చెప్పినట్టే వడ్ల కాక వచ్చిండు. పాత బందు పీకి నా చేతుల పెట్టిండు. "రేకులు మంచిగనే ఉన్నయి బిడ్డా, నడిమి మేకే అరిగింది" అన్నడు. నేను బాట దిక్కే చూస్తున్న. మంచు ఇడిసింది. లేత ఎండల బాట కొసదాక కనబడుతున్నది, మనిషి లేడు.

"మీ ఆయన ఏడి?"

వాపస్ వచ్చేటోడైతె ఈపాటికి ఎప్పుడో రావాలె.

"బాయిల దిగిండు కాకా" అన్న. అన్నంకనే అది నిజమైనట్టు అనిపించింది.

ఆయన కింద ఉన్నడంటె ఎన్నడు నా పానం కుదురుగ ఉండకపోయేది. ఆ పొద్దు మాత్రం, మనిషి అంత లోతుల, అంత చీకట్ల ఉన్నడని కడుపు నిండ నవ్వుకున్న.